మా ఒక్కరికేనా, అందరికీనా?

నెట్ పోయిందని ఫోన్ చేసేవాళ్లు ముందు తిట్టరు, ముందు అడుగుతారు: "ఏమండీ, మా ఒక్కరికేనా, అందరికీనా?" భీమవరంలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో నెట్‌వర్క్ పని చూసుకునే నాకు రోజూ చెవిన పడే మాట ఇది. ఇంతకంటే మంచి ప్రశ్న మా వృత్తిలో లేదు. మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఆ ఇంటికొచ్చే తీగ తెగినట్టు. వీధి మొత్తానికి పోతే ఎక్కడో జేసీబీ ఫైబర్‌ను లాగేసి ఉంటుంది, లేదా స్తంభం మీది బాక్సులో నీళ్లు దిగి ఉంటాయి. ఊరంతటికీ పోతే మా ఆఫీసులోనే వెతుక్కోవాలి. ఇక్కడిదాకా కష్టం లేదు, మనిషిని పంపితే తేలిపోతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. మా పరికరాలన్నీ బాగుంటాయి, పైనుంచి వచ్చే లింకూ బాగుంటుంది, అయినా ఏదో ఒక సైటు తెరుచుకోదు. లేదా అమెరికాలో ఉన్న కొడుక్కి ఇక్కడి ఇంటి కెమెరా కనబడదు. తప్పు మా దగ్గరుందా, మధ్యలో ఎవరి దగ్గరైనా ఉందా, అవతలి కంపెనీలోనే ఉందా? ఇలాంటివి పెద్ద కంపెనీలు నోరు విప్పి చెబితే తప్ప తెలియవని చాలామంది అనుకుంటారు. మా వృత్తిలో ఉన్నవాళ్లలోనూ కొందరు అలాగే అనుకుంటారు. అది నిజం కాదు. ఇంటర్నెట్‌లో దారులు ఏ క్షణాన ఎలా మారాయో రాసిపెట్టిన రికార్డు ఒకటి ఉంది. ఇరవై ఏళ్లకు పైబడిన రికార్డు. రూపాయి కట్టకుండా ఎవరైనా చూసుకోవచ్చు. దాన్ని పది లైన్ల ప్రోగ్రామ్‌తో చదివించే సాధనమూ ఉంది. ఇంత విలువైనది అందుబాటులో ఉండి కూడా మన దగ్గర ఇంత తక్కువమందికి తెలియడం నాకు బాధగా ఉంటుంది.

ముందు ఆ దారుల సంగతి చెప్పాలి. ఇంటర్నెట్ అనేది 70,000కు పైగా విడివిడి నెట్‌వర్కులు ఒకదానికొకటి తగులుకుని ఉన్న ఏర్పాటు. టెలికాం కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, బ్యాంకులు, మాలాంటి చిన్న సంస్థలు అందులో ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది. దాన్ని ఏఎస్ నంబరు అంటాం. ఫేస్‌బుక్‌ది 32934. మా సంస్థకూ ఒకటుంది. ప్రతి నెట్‌వర్కూ తనకు తగులుకుని ఉన్న నెట్‌వర్కులకు ఒక మాట చెబుతుంది: "ఫలానా చిరునామాలు నా దగ్గరున్నాయి, వాటికి వెళ్లాల్సినవి నాకివ్వండి." విన్నవాళ్లు ఆ మాటకు ముందు తమ నంబరు చేర్చి తమ పక్కవాళ్లకు చెబుతారు. అలా చేతులు మారుతూ ఆ మాట కొద్ది నిమిషాల్లో ప్రపంచమంతా తిరుగుతుంది. ఎవరి దగ్గరికి చేరినా, దాని మీద వచ్చిన దారంతా వరసగా నంబర్లలో కనబడుతుంది. కుడి చివర ఉన్న నంబరు ఆ మాట పుట్టిన చోటు.

ఈ పద్ధతి పేరు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. అందరం బీజీపీ అంటాం. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో ఇంజినీర్ల సమావేశం జరిగినప్పుడు సిస్కో నుంచి వచ్చిన కిర్క్ లాహీడ్, ఐబీఎం నుంచి వచ్చిన యాకోవ్ రెఖ్టర్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అక్కడున్న కాగితపు రుమాళ్ల మీద దీని మొదటి రూపం గీశారు. అదే ఏడాది జూన్‌లో అది పత్రంగా వచ్చింది. ఇప్పుడు వాడుతున్న నాలుగో రూపం 1994 నాటిది, తర్వాత మెరుగులు దిద్దుకుంది. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకని ఎవరేం చెప్పినా నమ్మేలా దాన్ని తయారు చేశారు. "ఈ చిరునామాలు నావి" అని ఎవరన్నా అంటే, నిజంగా నీవేనా అని అడిగే ఏర్పాటు మొదట్లో లేదు. మన ఫోన్లలో పైసలు తిరుగుతున్న ఈ రోజుల్లోనూ కింద నడుస్తున్నది చాలావరకు ఆ నమ్మకమే.

నమ్మకం మీద నడిచే చోట, ఎవరేమన్నారో రాసిపెట్టేవాళ్లు ఉండి తీరాలి. ఆ పని రెండు చోట్ల మొదలైంది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల్లో రూట్‌వ్యూస్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. యూరప్ చిరునామాలు పంచే సంస్థ రైప్ ఎన్‌సీసీ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. అది 1999లో రూటింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ మొదలుపెట్టింది. దాన్ని రిస్ అంటారు. ఇద్దరూ ప్రపంచంలో చాలా చోట్ల కలెక్టర్లు అనే కంప్యూటర్లు పెట్టారు. లండన్, న్యూయార్క్, టోక్యో, జొహానెస్‌బర్గ్, సావో పావులో, సింగపూర్‌లలో అవి ఉన్నాయి. వాటి గుండా ఎవరి ట్రాఫిక్కూ పోదు. అక్కడి నెట్‌వర్కులు స్వచ్ఛందంగా తమకు తెలిసిన దారులు వాటికి చెబుతుంటాయి, అవి విని రాసుకుంటాయి. రిస్ ఆ మార్పులను ఐదు నిమిషాలకో ఫైలుగా, రూట్‌వ్యూస్ పదిహేను నిమిషాలకో ఫైలుగా భద్రం చేస్తాయి. ఇవి కాక, ఆ క్షణానికి తెలిసిన దారులన్నిటి పట్టికను రిస్ ఎనిమిది గంటలకోసారి, రూట్‌వ్యూస్ రెండు గంటలకోసారి దాచిపెడతాయి. పాత తరహా చిరునామాల పట్టిక ఒక్కటే ఇప్పుడు పది లక్షల దారుల దరిదాపుల్లో ఉంటుంది.

ఫైళ్లు ఉన్నంత మాత్రాన చదవగలమని కాదు. వాటిని ఎంఆర్‌టీ అనే బైనరీ పద్ధతిలో రాస్తారు, తెరిచి చూస్తే అర్థం కాని గుర్తులు తప్ప ఏమీ కనబడవు. ఒకప్పుడు మేం ఏం చేసేవాళ్లమంటే, కావలసిన నెల ఫోల్డరు తెరిచి, సమయం చూసి, ఒక్కో ఫైలు దించుకుని, బీజీపీడంప్ అనే పనిముట్టుతో అక్షరాల్లోకి మార్చి, వచ్చిన లక్షల లైన్లలో మనకు కావలసినవి ఏరుకునేవాళ్లం. ఒక కలెక్టర్‌లో గంటసేపటి సంగతి చూడాలంటేనే ఓపిక చచ్చేది. పది కలెక్టర్లు చెప్పింది కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చూడటం పరిశోధకులకే సాధ్యమయ్యేది.

ఆ శ్రమను తీసేసింది బీజీపీస్ట్రీమ్. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కైడా అనే ఇంటర్నెట్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి జట్టు దీన్ని 2015లో ఉచితంగా విడుదల చేసింది. అసలు లైబ్రరీ సీ భాషలో ఉంటుంది. దానిమీద పైథాన్‌లో వాడుకోవడానికి పైబీజీపీస్ట్రీమ్ ఉంది. క్లయింట్ లైబ్రరీ అంటే, దూరాన ఉన్న సేవతో మాట్లాడే తంతు అంతా ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్ ముక్క. మనం మన ప్రోగ్రామ్‌లోకి దాన్ని పిలుచుకుని, కావలసిందేమిటో చెబితే చాలు. ఏ ఫైలు ఎక్కడుందో బ్రోకర్ అనే సూచిక సర్వర్‌ను అదే అడుగుతుంది, అదే దించుకుంటుంది, అదే విప్పుతుంది. వేర్వేరు కలెక్టర్ల మాటలను సమయం వరసలో కలిపి ఒకదాని వెనక ఒకటి మన చేతికి అందిస్తుంది. రిస్ ఫైళ్లయినా రూట్‌వ్యూస్ ఫైళ్లయినా మనకు తేడా తెలియదు.

మా దగ్గర కొత్తగా చేరే కుర్రాళ్లకు దీన్ని నేర్పించేటప్పుడు నేను ఎప్పుడూ ఒకే ఘటనతో మొదలుపెడతాను. 2008 ఫిబ్రవరి 24, ఆదివారం. పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ను ఆపాలని అక్కడి ప్రభుత్వం నుంచి ఆదేశాలు వచ్చాయి. పాకిస్తాన్ టెలికాం తమ దేశంలోపల ఆపడానికి పెట్టుకున్న దారి బయటికి పాకిపోయి, ప్రపంచమంతటా యూట్యూబ్ ఆగిపోయింది. నలుగురూ చెప్పుకునే కథ ఇంతవరకే. రికార్డులో చూస్తే అందులో నిమిషం నిమిషం ఏం జరిగిందో ఉంటుంది.

ప్రోగ్రామ్‌లో మనం చెప్పాల్సినవి తక్కువే. ఎప్పటినుంచి: ఆ రోజు 18:40. ఎప్పటివరకు: 21:10. ఈ సమయాలు యూటీసీలో ఇవ్వాలి, మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఏ ప్రాజెక్టు: రిస్. ఏ రకం రికార్డులు: మార్పులు మాత్రమే. చివరిది వడపోత: 208.65.152.0/22 అనే చిరునామాల గుంపు, దానిలోపలి చిన్న ముక్కలతో సహా. అప్పుడు యూట్యూబ్ చిరునామాలు ఆ గుంపులో ఉండేవి, దాని ఏఎస్ నంబరు 36561. వడపోత మాత్రం మరచిపోకూడదు. అది లేకుండా నడిపితే ప్రపంచంలో ఆ రెండున్నర గంటల్లో మారిన ప్రతి దారీ వచ్చి మీద పడుతుంది. ఆ తర్వాత ఒక్క లూపు: వచ్చిన ప్రతి అంశానికి సమయం, కలెక్టర్ పేరు, రకం, చిరునామాల గుంపు, దారి అచ్చువేయమని.

నడపగానే తెర మీద కాసేపు ఏమీ ఉండదు. 18:47కి మొదటి లైన్లు వస్తాయి. రకం దగ్గర ఏ అనే అక్షరం ఉంటుంది, అంటే కొత్త దారి ప్రకటన. గుంపు 208.65.153.0/24. దారి చివర రెండు నంబర్లు 3491, 17557. రెండోది పాకిస్తాన్ టెలికాం, మొదటిది దానికి పైనుంచి లింకు ఇచ్చిన హాంకాంగ్ సంస్థ పీసీసీడబ్ల్యూ. ఏం జరిగిందో ఆ రెండు నంబర్లలోనే ఉంది. ఒకరు తమది కానిది తమదన్నారు, పైవాళ్లు అడగకుండా ముందుకు చెప్పారు. మన దగ్గర అప్పుడు అర్ధరాత్రి దాటి 12:17, తెల్లవారితే సోమవారం.

యూట్యూబ్ తన గుంపును ప్రకటిస్తూనే ఉంది కదా, జనం అటెందుకు వెళ్లలేదని ప్రతి కుర్రాడూ అడుగుతాడు. స్లాష్ తర్వాతి అంకె ఎంత పెద్దదైతే గుంపు అంత చిన్నది. /22లో 1,024 చిరునామాలుంటే /24లో 256. ఊరి పేరున్న బోర్డు, వీధి పేరున్న బోర్డు రెండూ ఎదురైతే మనం వీధి బోర్డునే పట్టుకుని వెళతాం. రూటర్లూ అంతే, చిన్న గుంపు ప్రకటనకే ఎప్పుడూ మొగ్గు. యూట్యూబ్ సైటు నడిపే సర్వర్లు ఆ 256 చిరునామాల ముక్కలోనే ఉండేవి.

ఆ తర్వాత లైన్లలో కనబడే పోరాటాన్ని నేను ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. 20:07కి యూట్యూబ్ కూడా అదే /24ను ప్రకటిస్తుంది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే పరిమాణం కాబట్టి దారి పొట్టిగా ఉన్నవైపు రూటర్లు మొగ్గుతాయి. ప్రపంచంలో కొంత భాగం యూట్యూబ్‌కు తిరిగొస్తుంది, కొంత పాకిస్తాన్‌కే పోతూ ఉంటుంది. 20:18కి యూట్యూబ్ ఇంకా చిన్న ముక్కలు చేసి రెండు /25లను ప్రకటిస్తుంది. 20:51 దగ్గర ఒక చిత్రమైన మార్పు: 3491 మీదుగా వచ్చే దారుల చివర 17557 రెండుసార్లు కనబడుతుంది. ఒకే నంబరు రెండుసార్లు చేరిస్తే దారి పొడవవుతుంది, పొడవైతే జనం దాన్ని వదిలేస్తారు. 21:01కి పీసీసీడబ్ల్యూ పాకిస్తాన్ టెలికాం చెప్పిన ప్రకటనలన్నిటినీ వెనక్కి తీసుకుంటుంది. ఉపసంహరణకు గుర్తు డబ్ల్యూ అనే అక్షరం. ఆ లైన్లు కలెక్టర్ల నుంచి దిగుతుంటే రెండు గంటల పైచిలుకు గొడవ మన కళ్ల ముందు ముగుస్తుంది. రైప్ ఎన్‌సీసీ ఆ ఘటన మీద విడుదల చేసిన వివరణ ఈ రికార్డు ఆధారంగా రాసిందే. మనం మన గదిలో కూర్చుని దాన్ని మళ్లీ సరిచూసుకోవచ్చు. ఈ రికార్డులో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఎవరో చెప్పింది నమ్మాల్సిన పని లేదు.

ఒకసారి మా కుర్రాడు ఈ అభ్యాసం మధ్యలో పిలిచాడు. "అన్నా, డబ్ల్యూ వచ్చిన చోటల్లా ప్రోగ్రామ్ ఆగిపోతోంది. దారి అడుగుతుంటే లేదంటోంది."

"ఉపసంహరణకు దారి ఉండదు నాన్నా. ఆ గుంపుకు ఇక నా దగ్గర దారి లేదు అని మాత్రమే చెబుతారు. లేనిదానికి దారేముంటుంది? రకం చూసి, ఏ అయితేనే దారి అడుగు."

పైబీజీపీస్ట్రీమ్ మొదలుపెట్టే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. మార్పుల ఫైళ్లలో మారినవే ఉంటాయి. పొద్దుటినుంచి కదలకుండా ఉన్న దారి అందులో కనబడదు. అందుకని మొదట ఆ కాలానికి దగ్గరలోని పూర్తి పట్టికను తెప్పించుకుని, దానిమీద మార్పులను ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోవాలి. పట్టికలోంచి వచ్చిన అంశాలకు ఆర్ అనే గుర్తుంటుంది. ఈ సంగతి తెలియక, దారి కనబడలేదు కాబట్టి నెట్‌వర్క్ పడిపోయిందని నిర్ణయాలు చేసినవాళ్లను చూశాను.

2021 అక్టోబర్ 4 రాత్రి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి తొమ్మిది దాటాక మా ఆఫీసు ఫోన్లు ఆగకుండా మోగాయి. వాట్సాప్ రావట్లేదు, ఫేస్‌బుక్ రావట్లేదు, ఇన్‌స్టాగ్రామ్ రావట్లేదు. ప్రతి ఒక్కరూ మా లైనే పోయిందనుకున్నారు. జనానికి నెట్ అంటే వాట్సాపే కాబట్టి తప్పుపట్టను. మామూలుగా ఏ ఇబ్బంది వచ్చినా మా వినియోగదారులకు వాట్సాప్ గ్రూపులో చెబుతాం. ఆ రాత్రి ఆ దారీ లేదు. "మీ లైను బాగుంది, ప్రపంచమంతటా ఇలాగే ఉంది" అని ఎస్ఎంఎస్‌లు పంపాం. ఆ మాట అంత ధైర్యంగా పంపగలిగామంటే కారణం ఈ రికార్డే.

అప్పటికి రిస్ లైవ్ వచ్చి రెండేళ్లయింది. పాత ఫైళ్ల కోసం ఆగకుండా, కలెక్టర్లు విన్నది విన్నట్టు కొద్ది సెకన్లలో మనకు పంపే సేవ అది. దానికి కూడా పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసుకుని, ఫలానా గుంపుల సంగతి వస్తే చెప్పమని పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్ పేరును చిరునామాగా మార్చి చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు 129.134.30, 129.134.31, 185.89.218, 185.89.219తో మొదలయ్యే చిరునామాల్లో ఉంటాయి. మన సమయం 9:10 ప్రాంతంలో ఫేస్‌బుక్ నుంచి ఒక్కసారిగా మార్పుల వెల్లువ. తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆ డీఎన్ఎస్ సర్వర్లకు దారి ఎవరి దగ్గరా లేదు. వాళ్ల ఇతర చిరునామాలు కొన్నిటికి దారులు అలాగే ఉన్నాయి, కానీ పేరుకు చిరునామా చెప్పేవాళ్లే లేకపోతే అవెందుకు పనికొస్తాయి?

ఆ లైన్లను దగ్గరగా చూస్తే ఒక సంగతి కనబడుతుంది. దారి పోయిందంటే ఒక్కసారిగా అన్ని చోట్లా డబ్ల్యూ పడదు. ముందు ఒక కలెక్టర్‌కు చెప్పే నెట్‌వర్క్, పోయిన దారి బదులు ఇంకొకరి దగ్గర విన్న దారిని పట్టుకుంటుంది. అది రెండు నంబర్లు పొడవు. ఆ ఇంకొకరికి కూడా పోయిందని తెలిసేసరికి మూడోవాళ్ల దారి, అది మరింత పొడవు. సెకన్ల తేడాలో ఏ, ఏ, ఏ అంటూ దారి పెరుగుతూ పోయి, చివరికి అందరూ చేతులెత్తేశాక డబ్ల్యూ పడుతుంది. మూలం దగ్గరే దారి పోయిందనడానికి ఇది గట్టి గుర్తు. మధ్యలో ఏదో ఒక లింకు తెగితే అంతా సర్దుకుని ఎక్కడో ఒక చోట దారి నిలబడుతుంది. ఇక్కడ ఎవరి దగ్గరా నిలబడలేదు.

మన సమయం తెల్లవారుజామున రెండున్నరకు ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. ఎందుకిలా జరిగిందో ఫేస్‌బుక్ మర్నాడు చెప్పింది: డేటా సెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్‌లో మామూలు నిర్వహణ పని చేస్తూ ఇచ్చిన ఒక ఆదేశం ఆ లింకులన్నిటినీ దించేసింది. డేటా సెంటర్లతో మాట లేకపోయేసరికి డీఎన్ఎస్ సర్వర్లు, ముందే రాసి ఉన్న నియమం ప్రకారం, తమ ప్రకటనలను తామే వెనక్కి తీసుకున్నాయి. ఆ రాత్రి రికార్డులో ఇవేవీ లేవు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎక్కడ మొదలైంది, ఇంతవరకే ఉన్నాయి. ఎందుకు అన్నది అందులో ఉండదు. ఆ రాత్రి ఎవరో హ్యాక్ చేశారని పుకార్లు పుట్టించినవాళ్లు ఈ హద్దు దాటినవాళ్లే.

పెద్ద కంపెనీల సంగతి అలా ఉంచితే, మాలాంటి చిన్నవాళ్లకే ఇది ఎక్కువ అక్కరకొస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మాకు పైనుంచి లింకు ఇచ్చేవాళ్లు ఇద్దరు. ఒకరిది పెద్ద లింకు, రెండోది సన్నటిది, పెద్దది పోతే ఆదుకోవడానికి. ఒక సాయంత్రం ఊరంతా నెట్ నత్తనడక. లింకులు రెండూ బతికే ఉన్నాయి. చూస్తే వచ్చే ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం సన్నటి లింకు మీద పడి ఉక్కిరిబిక్కిరి అవుతోంది. పెద్ద లింకు సంస్థకు ఫోన్ చేస్తే, "మా వైపు అంతా బాగానే ఉంది సార్, మీ రూటర్ చూసుకోండి" అన్నారు. రెండోసారి చేసినా అదే మాట.

మా చిరునామాల గుంపునే వడపోతలో పెట్టి ఆ రోజు పొద్దుటినుంచి నడిపాను. మధ్యాహ్నం వరకు యూరప్, అమెరికా కలెక్టర్లలో మా దారులన్నీ పెద్ద లింకు సంస్థ నంబరు మీదుగానే ఉన్నాయి. తర్వాత ఒకే నిమిషంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో, లండన్‌లో, న్యూయార్క్‌లో అన్నీ సన్నటి లింకు వైపు తిరిగాయి. సింగపూర్ కలెక్టర్‌లో మాత్రం పాత దారి అలాగే ఉంది. అంటే ఆ సంస్థ మా ప్రకటనను సింగపూర్ వైపు చెబుతోంది, పడమటి వైపు చెప్పడం మానేసింది. వాళ్ల వడపోతలో ఎక్కడో మా గుంపు జారిపోయిందన్నమాట. సమయం, కలెక్టర్, ముందున్న దారి, తర్వాతి దారి ఉన్న ఓ ఇరవై లైన్లను ఈమెయిల్‌లో పెట్టి పంపాను. ఈసారి పై స్థాయి ఇంజినీరే ఫోన్ చేసి, "చూశామండీ, సరిచేస్తున్నాం" అన్నారు. రాత్రి భోజనాల వేళకు దారులు తిరిగొచ్చాయి. అవి తిరిగొచ్చిన నిమిషం కూడా రికార్డులో ఉంది. చిన్న ఊరి చిన్న సంస్థ మాట చెల్లాలంటే చేతిలో ఇలాంటి ఆధారం ఉండాలి.

దీనికి అందనివీ ఉన్నాయి. 2011 జనవరి 27 రాత్రి, కైరోలో తేదీ మారాక, ఈజిప్టు నెట్‌వర్కులు నిమిషాల వ్యవధిలో సుమారు 3,500 దారులను వెనక్కి తీసుకుని దేశాన్ని ఇంటర్నెట్ నుంచి దాదాపు మాయం చేశాయి. ఫిబ్రవరి 2న తిరిగొచ్చాయి. అది బీజీపీలో పట్టపగల్లా కనబడింది. ఆ ఘటనను ఈ రికార్డుల నుంచి లోతుగా చదివిన పరిశోధకుల్లో ఆల్బెర్టో డైనోటి ఒకరు, తర్వాత బీజీపీస్ట్రీమ్ చేసిన జట్టులోనూ ఆయన ఉన్నారు. కానీ మన దేశంలో ఏదైనా జిల్లాలో మొబైల్ డేటా ఆపినప్పుడు బీజీపీలో వెతికితే మామూలుగా ఏమీ దొరకదు. ఆపేది టవర్ల స్థాయిలో, టెలికాం సంస్థ ప్రకటనలు మాత్రం యథాతథంగా ఉంటాయి. దారి ఉందంటే ప్యాకెట్ చేరుతుందని కాదు. చేరుతుందో లేదో తెలియాలంటే రైప్ అట్లాస్ లాంటివి చూడాలి. ప్రపంచమంతటా జనం ఇళ్లలో, ఆఫీసుల్లో పెట్టుకున్న వేల చిన్న పరికరాలతో పింగ్, ట్రేస్‌రూట్ కొలిచే ఏర్పాటు అది. దానికీ పైథాన్ లైబ్రరీ ఉంది, కూస్టో అని.

ప్రోగ్రామింగ్ అసలు రానివాళ్లకు రైప్‌స్టాట్ అనే వెబ్‌సైటు ఉంది. ఏఎస్ నంబరో చిరునామాల గుంపో టైపు చేస్తే చాలు. బీజీప్లే అనే బొమ్మలో దారులు మారడం కదులుతూ కనబడుతుంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు మాత్రం పైబీజీపీస్ట్రీమ్‌తోనే మొదలుపెట్టాలని నా కోరిక. లైనక్స్ ఉన్న కంప్యూటర్ అయితే సుఖం. పైథాన్ ముక్కకంటే ముందు సీ లైబ్రరీ ఎక్కించాలి. ఆ వరస తప్పితే ఇన్‌స్టాల్ కాదు. మొదటి ప్రశ్న చిన్నది పెట్టుకోండి: ఒకే కలెక్టర్, పది నిమిషాలు, ఒకే గుంపు. నెట్‌వర్క్స్ పేపర్‌లో బీజీపీ గురించి అర పేజీ బట్టీపట్టిన పిల్లవాడు తన కాలేజీ చిరునామాల గుంపు సింగపూర్ నుంచి ఎలా కనబడుతుందో చూస్తే, మొహం వెలిగిపోవడం నేను చూశాను.

మా వృత్తివాళ్లకు ఇంకో మాట. కలెక్టర్‌కు ఎవరు చెబితే వాళ్లు చూసిందే రికార్డవుతుంది. నెట్‌వర్కులు కలుసుకునే చోటైన హైదరాబాద్ నిక్సీ ఎక్స్ఛేంజ్‌లో రెండు నెట్‌వర్కులు నేరుగా ఇచ్చిపుచ్చుకునే దారి, ఆ రెండింట్లో ఏదీ కలెక్టర్‌కు చెప్పకపోతే బయట దాదాపు ఎక్కడా కనబడదు. అందుకే మన ప్రాంతం దారుల గురించి ఆమ్‌స్టర్‌డామ్ రికార్డులో చాలా ఖాళీలు. ఆ ఖాళీలు పూడ్చడానికి డబ్బు అక్కర్లేదు. రిస్, రూట్‌వ్యూస్ రెండూ దూరం నుంచి కూడా బీజీపీ సెషన్ ఒప్పుకునే కలెక్టర్లు నడుపుతున్నాయి. రూటర్‌లో కొద్ది లైన్ల అమరిక, వాళ్లకు పంపాల్సిన ఒక దరఖాస్తు, అంతే. మన ట్రాఫిక్ అటు పోదు, మన వినియోగదారుల సంగతులేవీ అటు చేరవు, మనకు తెలిసిన దారుల పట్టిక మాత్రమే వెళుతుంది. మా ఓనరు గారికి ఇదంతా వివరించి చెబితే, "మనకు ఉపయోగపడినప్పుడు మనమూ ఇవ్వాలిగా, పెట్టేయండి" అన్నారు. మా దరఖాస్తు వెళ్లింది. ఏలూరులో, నల్లగొండలో, శ్రీకాకుళంలో సొంత ఏఎస్ నంబరుతో నడుస్తున్నవాళ్లు కూడా పంపితే, ఈ ప్రాంతం దారుల్లో ఏదైనా తేడా వచ్చిన రోజున వెతుక్కోవడానికి మనందరికీ లైన్లు దొరుకుతాయి.